కళ్లెం లేని గుర్రాలు

ఇండోర్ గల్లీల్లో పుట్టి, ఇటలీని చూసి, హైదరాబాద్ పల్లెల్లో తిరిగి, చివరికి ఖతార్ చేరిన ఎం.ఎఫ్. హుస్సేన్ గుర్రాల కథ

దీపాలు తగ్గుతాయి. సంగీతం మొదలవుతుంది. వేదిక మెల్లగా తిరుగుతుంటే చీకట్లోంచి గుర్రాలు ఒక్కొక్కటే వెలుగులోకి వస్తాయి. నిలువెత్తు గుర్రాలు, అన్నీ గాజువే. వెలుగు వాటి మీద పడి ఆగదు. లోపలికి దిగి మెడ వంపులో, తొడ కండలో నిండిపోతుంది. వాటితో పాటు పాతకాలపు కార్లు తిరుగుతుంటాయి. వెయ్యేళ్ళకు పూర్వమే రెక్కలు కట్టుకుని గాల్లోకి ఎగరబోయిన అండలూసియా పండితుడు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ కూడా అక్కడే ఉంటాడు. నేల మీద కాళ్ళతో మొదలైన మనిషి పయనం గుర్రమెక్కి, చక్రమెక్కి, ఆకాశానికి గురిపెట్టిన తీరును కొద్ది నిమిషాల్లో కళ్ళ ముందు తిప్పి చూపించే ప్రదర్శన ఇది.

దీని పేరు 'సీరూ ఫీ అల్ అర్ద్'. ఖతార్ రాజధాని దోహాలోని ఎడ్యుకేషన్ సిటీలో 2019 డిసెంబరులో ఇది ప్రారంభమైంది. దీన్ని ఊహించి గీసి ఇచ్చిన చిత్రకారుడు అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే లండన్‌లో కన్నుమూశారు. తన గాజు గుర్రాలు తిరగడం ఆయన చూడనే లేదు.

ఆయనే మక్బూల్ ఫిదా హుస్సేన్. ఇప్పుడు మళ్ళీ ఆ పేరు అందరి నోటా వినపడటానికి కారణం ఉంది. 2025 నవంబరు 28న అదే ఎడ్యుకేషన్ సిటీలో 'లౌహ్ వ కలమ్' పేరుతో హుస్సేన్ మ్యూజియం తలుపులు తెరిచింది. మూడు వేల చదరపు మీటర్లకు పైబడిన చోటు, 150కి పైగా చిత్రాలు, వస్తువులు. భవనం ఎలా ఉండాలో 2008లో హుస్సేనే ఒక కాగితం మీద గీసిపెట్టారు. ఆ గీతల్ని పట్టుకుని ఢిల్లీ వాస్తుశిల్పి మార్తాండ్ ఖోస్లా నీలి రంగు గోడలతో దాన్ని నిలబెట్టారు. ఒక్క హుస్సేన్ కోసమే కట్టిన ఇంత పెద్ద మ్యూజియం ఆయన పుట్టిన దేశంలో లేదు. మన హైదరాబాద్‌లో ఒకప్పుడు ఉన్న చిన్నదీ మిగల్లేదు.

పీర్ల ఊరేగింపులో మొదటి గుర్రం

హుస్సేన్ 1915 సెప్టెంబరు 17న మహారాష్ట్రలోని పండరీపురంలో పుట్టారు. విఠోబా గుడి ఉన్న ఊళ్ళో, సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో. ఏడాదిన్నర వయసులో తల్లి పోయింది. ఆమె ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. తల్లి ముఖం ఎలా ఉంటుందో ఆయనకు జీవితాంతం తెలియలేదు. ఆయన చిత్రాల్లో ఎందరో ఆడవాళ్ళకు చీర ఉంటుంది, నడక ఉంటుంది, ముఖం మాత్రం ఉండదు. మదర్ థెరిసాను గీసినప్పుడూ అంతే. నీలి అంచు తెల్లచీర, ఒడిలో బిడ్డ, ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. ఈ సంగతి తెలిశాక ఆ చిత్రాల ముందు నిలబడటం కష్టంగా ఉంటుంది.

తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం ఇండోర్ చేరింది. లాంతర్లు చేసి బాగుచేసే తాత చెయ్యి పట్టుకుని పిల్లవాడు ఊరంతా తిరిగాడు. హుస్సేన్ చిత్రాల్లో లాంతరు పదే పదే కనిపించడానికి ఆ తాతే కారణం. గుర్రం కూడా అక్కడే ఎదురైంది. మొహర్రం రోజుల్లో తాజియాల వెంట దుల్‌దుల్ గుర్రాన్ని ఊరేగించేవారు. కర్బలాలో ఇమామ్ హుస్సేన్ నేలకొరిగాక రౌతు లేకుండా ఒంటరిగా తిరిగివచ్చిన గుర్రం జ్ఞాపకం అది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్ళకు ఆ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు. డప్పులు, నిప్పుల గుండం, ఏడుపూ భక్తీ కలగలిసిన కేకలు. ఆ గోల మధ్య తల పైకెత్తి నడిచే గుర్రం పిల్లవాడి కంట్లో పడింది. తొంభై ఏళ్ళు దాటినా చెదరలేదు.

రౌతు లేని గుర్రం. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే హుస్సేన్ గుర్రాలు సగం అర్థమైనట్టే.

చదరపు అడుగు లెక్కన బతుకు

1930ల్లో బొంబాయి చేరిన కుర్రాడికి దొరికిన పని సినిమా హోర్డింగులు గీయడం. చదరపు అడుగుకు కొన్ని అణాలు. ఆ కాలంలో సినిమా తారల బొమ్మలు గీయాలంటే నిచ్చెనలెక్కి, పది అడుగుల కన్ను, ఆరడుగుల పెదవి గీయాలి. దగ్గరనుంచి చూస్తే రంగు ముద్దలే, రోడ్డు అవతలి నుంచి చూస్తేనే ముఖం. ఈ పని ఆయనకు రెండు నేర్పింది. గీత తడబడకూడదు. చెయ్యి భుజం నుంచి కదలాలి, మణికట్టు నుంచి కాదు. విజయవాడ, రాజమండ్రి సెంటర్లలో మన కటౌట్ ఆర్టిస్టులు చేసిందీ ఇదే. ఆ చేతులకు కళాకారులన్న గౌరవం దక్కలేదని నాకు ఇప్పటికీ బాధ.

1941లో పెళ్ళయింది. సంసారం కోసం పిల్లల ఫర్నిచరు, చెక్క బొమ్మలు తయారుచేశారు. 1947లో చిత్రకారుడు ఎఫ్.ఎన్. సౌజా పిలుపుతో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో చేరాక బొంబాయి కళాలోకం ఆయన్ని గుర్తించింది. 1955లో 'జమీన్' చిత్రానికి లలితకళా అకాడమీ జాతీయ బహుమతి వచ్చింది. 1967లో తీసిన చిన్న చిత్రం 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. 1971లో సావో పాలో బినాలేకు పికాసోతో పాటు ప్రత్యేక ఆహ్వానం అందుకుని మహాభారతం గీసుకెళ్ళారు. 1973లో పద్మభూషణ్, 1986లో రాజ్యసభ సభ్యత్వం, 1991లో పద్మవిభూషణ్. ఇంత వైభవం మధ్యా ఆయన చెప్పుల్లేకుండానే నడిచారు. 1964లో హిందీ కవి ముక్తిబోధ్ అంత్యక్రియలకు వెళ్ళివచ్చాక చెప్పులు వదిలేశారని అంటారు.

వెనిస్ కాలువ ఒడ్డున ఇంకో గుర్రం

1952లో హుస్సేన్ చైనా వెళ్ళారు. టాంగ్ వంశకాలపు మట్టి గుర్రాల్ని అక్కడ చూశారు. వెయ్యేళ్ళు దాటినా మెడలోని పొగరు, పిరుదుల్లోని బిగువు పోని బొమ్మలు. ఆ తర్వాత ఇటలీలో మారినో మారినీ గుర్రాలు ఎదురయ్యాయి. ఆయన గుర్రాలకు మూలం ఎక్కడని వెతికినవాళ్ళంతా ఇండోర్ మొహర్రంతో పాటు ఈ రెండు చోట్లనూ తప్పక చెబుతారు.

మారినీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1901లో టస్కనీలోని పిస్తోయాలో పుట్టారు, 1980లో పోయారు. శిల్పిగా పేరు మోసినా గుర్రాల్ని రంగుల్లోనూ విస్తారంగా గీశారు. జీవితమంతా ఆయన చేతిలో మళ్ళీ మళ్ళీ వచ్చిన వస్తువు: గుర్రం, రౌతు. మొదట్లో ఆ రౌతు నిబ్బరంగా కూర్చునేవాడు. వెనిస్‌లో పెగ్గీ గుగెన్‌హైమ్ ఇంటి ముందు, పెద్ద కాలువ ఒడ్డున ఉన్న 1948 నాటి 'ఏంజెల్ ఆఫ్ ది సిటీ'లో రౌతు రెండు చేతులూ బార్లా చాపి ఆకాశం చూస్తుంటాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సంవత్సరాల్లో ఆ పట్టు సడలుతూ వచ్చింది. గుర్రం ముందుకాళ్ళు లేపి బెదురుతుంది, రౌతు వెనక్కి ఒరుగుతాడు, చివరికి పడిపోతాడు. మనిషికి తన వాహనం మీదే అదుపు పోయిన కాలానికి అంతకంటే సూటైన బొమ్మ నాకు తెలియదు.

హుస్సేన్ ఈ ఇటాలియన్ నుంచి గుర్రం ఒంట్లోని బిగువు తీసుకున్నారు, రౌతును మాత్రం అక్కడే దింపేశారు. ఒక చిత్రం దగ్గరగా చూడండి. ముందు ఒక లావాటి నల్లటి గీత చెవి దగ్గర మొదలై మెడ మీదుగా వీపు దాకా ఆగకుండా సాగుతుంది. మెడ వెనక్కి తిరిగి ఉంటుంది, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు. పళ్ళు బయటపడి ఉంటాయి, ముక్కుపుటాలు ఉబ్బి ఉంటాయి. జూలును వెంట్రుకలుగా గీయరు, కుంచెతో ఒక్క విసురు విసురుతారు. కాళ్ళు డెక్కల దగ్గరకొచ్చేసరికి సన్నబడి, నేలను తాకీ తాకనట్టు ఆగిపోతాయి. జీను ఉండదు. కళ్లెం ఉండదు. ఆ గుర్రాన్ని ఎవరు పంపారో, ఎక్కడికి పోతోందో బొమ్మలో ఎక్కడా ఉండదు. చాలా వాటిని ఆయన జనం చూస్తుండగానే, ఊపిరి బిగబట్టి నిమిషాల్లో గీసేసేవారు. హోర్డింగులు నేర్పిన చెయ్యి మరి.

> మురానో మంట
>
> దోహా గుర్రాల గాజు ఇటలీలోని మురానోది. వెనిస్ పక్కనున్న చిన్న దీవి అది. కొలుముల నుంచి అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయన్న భయంతో వెనిస్ పాలకులు 1291లో గాజు పనివాళ్ళందరినీ ఆ దీవికి తరలించారు. ఏడు వందల ఏళ్ళుగా అక్కడ కొలుములు వెలుగుతూనే ఉన్నాయి. ఈ రోజుకీ మురానో వెళ్ళిన యాత్రికులకు పనివాడు ఎక్కువగా చూపించేది గుర్రాన్నే. ఎర్రగా కాలిన గాజు ముద్దను పటకారుతో లాగి, గిచ్చి, మెలిపెట్టి క్షణాల్లో ముందుకాళ్ళు లేపిన గుర్రాన్ని నిలబెడతాడు. అరచేతిలో పట్టే బొమ్మ అది. నిలువెత్తు గుర్రమంటే కథ వేరు. గాజు లోపలా బయటా ఒకే తీరున చల్లారకపోతే పగిలిపోతుంది.

ఎడ్లబండ్ల మీద రామాయణం

హుస్సేన్‌ను మనం బొంబాయి మనిషిగానే లెక్కేస్తాం. ఆయన జీవితంలో హైదరాబాద్ వాటా తక్కువేం కాదు. సోషలిస్టు నాయకుడు బద్రీవిశాల్ పిత్తీ ఇక్కడ 'కల్పన' అనే హిందీ పత్రిక నడిపేవారు. ఆయన ఇల్లు రచయితలకూ చిత్రకారులకూ సత్రం. అక్కడే హుస్సేన్‌కు రామ్‌మనోహర్ లోహియా పరిచయం గట్టిపడింది. టాటాలు, బిర్లాల డ్రాయింగ్ రూముల కోసం గీసింది చాలు, రామాయణం గియ్యి, ఊళ్ళకు తీసుకెళ్ళు అన్నది లోహియా సలహా. హుస్సేన్ దాన్ని మనసుకు పట్టించుకున్నారు. వాల్మీకినీ తులసీదాసునూ చదివారు. కాశీ పండితుల్ని పిలిపించి అనుమానాలు తీర్చుకున్నారు. చేతిలో డబ్బు లేని రోజుల్లో, ఎనిమిదేళ్ళ పాటు, సుమారు 150 కాన్వాసులు గీశారు.

వాటిలో కొన్నింటిని ఎడ్లబండ్ల మీద వేసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల ఒక పల్లెకు తీసుకెళ్ళిన వైనం ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. చిత్రాల్ని ఆరుబయట పరిచిపెట్టారు. జనం చుట్టూ చేరారు. ఇదేమిటి ఇలా గీశావని ఒక్కరూ అడగలేదట. మనవాళ్ళకు రామాయణం ఒక్క రూపంలోనే తెలియదు కదా. తోలుబొమ్మలాటలో హనుమంతుడు ఒకలా ఉంటాడు, లేపాక్షి గోడ మీద దేవతలు ఇంకోలా ఉంటారు, హరికథలో ఇంకోలా. హుస్సేన్ హనుమంతుడు ఆ వరుసలో మరొకడు. ఆ రోజు ఆ పల్లెలో మన తాతముత్తాతలు చూపిన ఆదరణ గురించి చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

1990ల చివర్లో హుస్సేన్ హైదరాబాద్‌లో 'సినిమా ఘర్' పేరుతో తన సొంత మ్యూజియం పెట్టుకున్నారు. సినిమానూ చిత్రకళనూ ఒకే కప్పు కిందికి తెచ్చిన చోటు. 2004లో తీసిన 'మీనాక్షి' సినిమా కథను హైదరాబాద్‌లోనే మొదలుపెట్టి, మన హైదరాబాదీ టబును నాయికగా పెట్టారు. ఒక పాట మీద ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పడంతో ఆ సినిమాను థియేటర్ల నుంచి ఆయనే తీసేసుకున్నారు. కొన్నాళ్ళకు సినిమా ఘర్ కూడా మూతపడింది.

వెళ్ళిపోయిన రోజు

1996లో ఒక హిందీ పత్రిక, హుస్సేన్ ఏనాడో 1970ల్లో గీసిన దేవతల రేఖాచిత్రాల్ని అచ్చువేసి నిలదీసింది. అక్కడి నుంచి కేసులు, దాడులు. 1998లో ముంబైలో ఆయన ఇంటి మీద దాడి జరిగింది. 2006లో భరతమాత పేరుతో వేలానికి వచ్చిన చిత్రం మీద గొడవ రేగితే ఆయన క్షమాపణ చెప్పి చిత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. అయినా ఆగలేదు. అదే ఏడాది దేశం వదిలి దుబాయ్, లండన్, దోహాల మధ్య బతకడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్ళు నిండాయి.

ఆ చిత్రాలు చూసి నిజంగా నొచ్చుకున్న భక్తులు ఉన్నారు. వాళ్ళ బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు. చిత్రాన్ని విమర్శించడానికీ, చూడనని మొహం తిప్పుకోవడానికీ ఎవరికైనా హక్కుంది. ఊరూరా కేసులు పెట్టి, ప్రదర్శనల మీద పడి, ముసలాయన సొంత ఇంటికి రాలేని పరిస్థితి తేవడం మాత్రం ఏ భక్తిలోనూ భాగం కాదు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఆ కేసుల్ని కొట్టేశారు. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. న్యాయం పుస్తకంలో గెలిచింది, మనిషి మాత్రం తిరిగి రాలేదు. తగిన భద్రత దొరుకుతుందన్న నమ్మకం ఆయనకు కలగలేదు.

2010 ఫిబ్రవరిలో చెన్నైలోని 'ది హిందూ' సంపాదకుడు ఎన్. రామ్‌కు ఒక రేఖాచిత్రం అందింది. దాని మీద హుస్సేన్ చేతిరాత: తనకు ఖతార్ పౌరసత్వం దక్కిందని. తను అడగకుండానే వచ్చిందని ఆయన చెప్పారు. గల్ఫ్‌లో చెమటోడ్చే మనవాళ్ళకు దీని విలువ తెలుసు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళి ఇరవై ఏళ్ళు పనిచేసినా వీసా గడువు ముగిస్తే పెట్టె సర్దుకోవాల్సిందే. అక్కడి పౌరసత్వం బయటివాళ్ళకు దొరకడం అరుదులో అరుదు. అలాంటిది పిలిచి మరీ ఇచ్చారు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి హుస్సేన్ ఆ మార్చిలో దోహాలోని భారత ఎంబసీకి వెళ్ళి పాస్‌పోర్టు అప్పగించారు.

> గుర్రాల గడ్డ
>
> ఖతార్ వాళ్ళకు గుర్రం ఇంటి పరువు. ఎడ్యుకేషన్ సిటీ ఒక అంచున 'అల్ షఖబ్' అశ్వశాల ఉంది. 1992లో షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ దీన్ని స్థాపించారు. 2004లో ఖతార్ ఫౌండేషన్‌లో కలిసింది. మేలుజాతి అరబ్బీ గుర్రాలకు ఇది పెట్టింది పేరు. ప్రపంచ పోటీల్లో గెలిచిన మర్వాన్ అల్ షఖబ్ ఇక్కడి గుర్రమే. లోనికి వంగిన ముక్కుదూలం, పెద్ద కళ్ళు, పరుగులో పైకి లేచే తోక అరబ్బీ జాతి లక్షణాలు. దోహా మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ షఖబ్‌కు ఒక స్టేషన్, ఎడ్యుకేషన్ సిటీకి ఇంకో స్టేషన్ ఉన్నాయి. ఉదయం అసలు గుర్రాల్ని, సాయంత్రం హుస్సేన్ గుర్రాల్ని ఒకే రోజులో చూసి రావచ్చు.

తొంభై తొమ్మిదిలో ముప్ఫై అయిదు

ఖతార్‌లో ఆయనకు పని అప్పగించింది షేఖా మోజా బింత్ నాసర్. అప్పటి అమీర్ భార్య, ఖతార్ ఫౌండేషన్ అధ్యక్షురాలు. అరబ్ నాగరికత మీద 99 చిత్రాలు గీయాలన్నది ఒప్పందం. తొంభై దాటిన మనిషికి తొంభై తొమ్మిది చిత్రాలు! ఆయన వెనకాడలేదు. అరబ్బుల ఖగోళశాస్త్రం, బద్ర్ యుద్ధం ఒక్కొక్కటిగా కాన్వాస్‌కెక్కాయి. ఎడారి వచ్చింది, ఒంటెలు వచ్చాయి, గుర్రం ఎలాగూ వచ్చింది. ఇండోర్ తాజియా వెంట నడిచిన గుర్రం పుట్టింటికి చేరినట్టయింది. ఎంతైనా కర్బలా కథ పుట్టింది ఆ ప్రాంతంలోనే కదా.

ఒక మాట దాచకుండా చెప్పాలి. దోహాలో ఆయనకు దొరికింది ఆదరణ, డబ్బు, నిశ్చింత. అంతమాత్రాన ఖతార్ హద్దుల్లేని స్వేచ్ఛాలోకమని ఎవరూ అనరు. అక్కడ గీసినది రాజకుటుంబం కోరిన వస్తువు, ఆ సమాజం ఒప్పుకునే పరిధి. పండరీపురం, కాశీ, హైదరాబాద్ ఇచ్చినంత విశాలమైన ముడిసరుకు ఆ వయసులో కొత్తగా ఎక్కడ దొరుకుతుంది? నా మటుకు నాకు 1950ల, 60ల హుస్సేనే గొప్ప హుస్సేన్. దోహా చిత్రాల్లో చెయ్యి పాతదే, పొగరూ పాతదే. గుండెలో మంట మాత్రం 'జమీన్' నాటిది కాదు. అయినా ఆ వయసులో కొత్త నాగరికతను చదువుకుని గీయడానికి కూర్చున్న మనిషి పట్టుదల ముందు ఈ తూకాలు చిన్నవే.

2011 జూన్ 9న లండన్ రాయల్ బ్రాంప్టన్ ఆస్పత్రిలో హుస్సేన్ కన్నుమూశారు. వయసు 95. 99 చిత్రాల్లో 35 పైచిలుకు పూర్తయ్యాయి. మర్నాడు బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేశారు. పుట్టింది ఒక దేశం, పౌరసత్వం ఇంకో దేశం, సమాధి మూడో దేశంలో.

> ఆస్పత్రి గోడ నుంచి 118 కోట్లకు
>
> 1954లో హుస్సేన్ గీసిన 'గ్రామయాత్ర' పొడవు దాదాపు 14 అడుగులు. పల్లె బతుకును 13 ముక్కలుగా చూపిన చిత్రం. ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేసిన ఒక వైద్యుడు దాన్ని అప్పట్లో కొని నార్వే పట్టుకెళ్ళారు. దశాబ్దాల పాటు అది ఓస్లోలోని ఆస్పత్రిలోనే ఉండిపోయింది. 2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. మన లెక్కలో సుమారు 118 కోట్ల రూపాయలు. ఆధునిక భారతీయ చిత్రానికి అప్పటిదాకా అంత ధర రాలేదు. దాన్ని కొన్నది ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం. డెబ్భై ఏళ్ళ తర్వాత పల్లె ఇంటికొచ్చింది.

హైదరాబాద్‌కు మిగిలిన పని

దోహా మ్యూజియం మీద మన పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. మన ఆస్తిని పరాయివాళ్ళు పట్టుకుపోయారని కొందరు, పీడ విరగడైందని కొందరు. రెండూ తొందరపాటే. ఖతార్ ఏదీ లాక్కోలేదు. మనం వద్దన్న మనిషికి చోటిచ్చింది, ఆయన పోయాక కూడా మాట నిలబెట్టుకుంది. గాజు గుర్రాలకు ఎనిమిదేళ్ళు, మ్యూజియానికి పద్నాలుగేళ్ళు పట్టినా వదిలేయలేదు. ఆ ఓపికను మెచ్చుకోవాలి.

మన చేతిలోనూ పని ఉంది. ఎడ్లబండ్ల మీద రామాయణం ఊరేగింది హైదరాబాద్ చుట్టుపక్కలే. 'కల్పన' పత్రిక నడిచింది ఇక్కడే. ఆ బండ్లు ఏ ఊరికి వెళ్ళాయో, ఆ రోజు ఎవరెవరు చూశారో గుర్తున్న పెద్దవాళ్ళు ఉంటే ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. వాళ్ళ మాటల్ని రికార్డు చేసుకోవడానికి కోట్లు అక్కర్లేదు. యూనివర్సిటీ విద్యార్థులు నలుగురు, ఒక వాహనం, కొన్ని నెలల సమయం చాలు. సినిమా ఘర్‌ను చూసినవాళ్ళు, అక్కడ పనిచేసినవాళ్ళు నగరంలోనే ఉన్నారు. వాళ్ళ దగ్గరి ఫొటోలు, ఆహ్వానపత్రాలు, ఆయన కాగితం ముక్కల మీద గీసిచ్చిన గుర్రాలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో లెక్క తీసినవాళ్ళు లేరు.

ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కాను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని ఈ నగరానికి తెచ్చారు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ పాలరాతి బొమ్మ ముందు ఈనాటికీ జనం గుమిగూడి నిలబడతారు. పరాయి దేశపు రాతిని అంత పదిలంగా కాపాడుకున్న హైదరాబాద్, తన వీధుల్లో చెప్పుల్లేకుండా తిరిగిన చిత్రకారుడికి అదే సాలార్‌జంగ్ మ్యూజియంలోనో, మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీలోనో ఒక్క గది కేటాయించాలి. రామాయణం కాన్వాసుల్లో దొరికినన్ని అరువు తెచ్చి పెట్టాలి. దోహాను అడిగితే ఒకటి రెండు గుర్రాల్ని కొన్ని నెలలకు పంపకపోరు.